పక్కింటి బెంగళూరా మామిడితో ఓవెన్ స్వీటు: గుడ్డు వద్దు, తీపి తక్కువ, మెత్తగా ఉండాలి

మిట్టూరు జిరాక్స్:

అందరికీ నమస్కారం. మాది చిత్తూరు, మిట్టూరు. జిరాక్సు షాపు నడుపుతాను. సంగటి కెలకడం, పప్పు ఎనపడం, ఆదివారం చికెన్ కూర వరకు నాకు ఇబ్బంది లేదు. ఓవెన్ వంట మాత్రం కొత్త, అందుకే అడుగుతున్నాను.

మా పక్కింట్లో రిటైరైన టీచరమ్మ ఉంటుంది. ఆమె పెరట్లో బెంగళూరా (తోతాపురి) మామిడి చెట్టు. చెట్టు ఆమెదే గానీ కొమ్మల్లో సగం మా మిద్దె మీదే. ఆకులు ఊడ్చేది మేము, రాలిన కాయలు కొరికేది ఉడుతలు. మొన్న గాలివానకు భయపడి మనిషిని పెట్టి కాయలన్నీ కోయించింది, మాకు ఒక గంప నిండా పంపింది. బేనీషా (బంగినపల్లి) అయితే ఆ గంప ఎప్పుడో ఖాళీ అయిపోయేది. బెంగళూరా అంటే మా ఊళ్ళో ఎవరికి కావాలి? పచ్చికాయ ముక్కలు కోసుకుని ఉప్పూకారం చల్లుకుని తింటాం, మిగతాదంతా జ్యూసు ఫ్యాక్టరీ సరుకు అన్నట్టు చూస్తాం. చుట్టాలకు ఇద్దామంటే వాళ్ళ ఇళ్ళల్లోనూ ఇవే గంపలు. ఆవకాయ పెట్టడం ముందే అయిపోయింది.

ఇప్పుడు గంప వాపసు ఇవ్వాలి. ఉత్త గంప ఇవ్వడానికి మా ఆవిడ ఒప్పుకోదు. సరే, ఆ కాయలతోనే ఏదైనా చేసి ఇద్దామంటే మా పాప ఒక వీడియో చూపించింది. యాపిల్ క్రంబుల్ అంట. కింద పళ్ళ ముక్కలు, పైన పిండీ వెన్నా కలిపి పొడిపొడిగా చల్లి ఓవెన్లో పెట్టడమే. కేకు మాదిరి పొంగాలి, కూలకూడదు అనే టెన్షన్ లేదు కాబట్టి నాకు నచ్చింది. యాపిల్ బదులు మన బెంగళూరా వేస్తే అవుతుందా?

టీచరమ్మ సంగతి కూడా చెప్పాలి. గుడ్డు ముట్టదు. షుగర్ ఉంది. పళ్ళ సెట్టు పెట్టుకుంటుంది, గట్టిది నమలలేదు. ఏదైనా పెడితే మొహమాటానికి బాగుందని చెప్పే మనిషి కూడా కాదు.

నా దగ్గర ఉన్నది 19 లీటర్ల ఓటీజీ, అంటే చిన్న కరెంటు ఓవెన్. పై వాటాలో అద్దెకున్నవాళ్ళు బదిలీ మీద పోతూ ఇచ్చేసి పోయారు. పని చేస్తుంది, రొట్టె ముక్కలు కాల్చి చూశాను. గంపలో పచ్చివి, దోరవి, మాగినవి అన్నీ కలిసి ఉన్నాయి, ఏవి వాడాలి? మామిడి ముక్కలు నీళ్ళు వదిలి కిందంతా పాయసం అయిపోతుందేమో అని కూడా అనుమానంగా ఉంది. చక్కెర బదులు బెల్లం వేయొచ్చా? తెలిసినవాళ్ళు చెప్పండి.

కట్టమంచి కోడలు:

అన్నా, అంత కష్టం ఎందుకు? మాగిన బెంగళూరాకు బెల్లం, ఎండుమిరపకాయ వేసి పండు పులుసు పెట్టి గిన్నెడు ఇవ్వు, టీచరమ్మ సంగట్లోకి తింటుంది. ఓవెన్లోనే చేయాలని ముచ్చటగా ఉంటే నాలుగు బేనీషాలు కొనుక్కొచ్చి చెయ్యి. బెంగళూరాను ఓవెన్లో పెడితే పులుపు తప్ప ఏమీ మిగలదు. షుగర్ వాళ్ళకు బెల్లం అయితే ఏమీ కాదు, ధైర్యంగా వెయ్యి.

ఎం.ఆర్.పల్లి ఓవెన్:

నేను తిరుపతిలో ఇంట్లోనే కేకులు చేసి ఆర్డర్లకు ఇస్తుంటాను. కోడలమ్మ పండు పులుసు మాట నాకూ ఇష్టమే గానీ, మిగతా రెండు మాటలూ ఒప్పుకోను.

ముందు బేనీషా సంగతి. బేనీషా తినడానికి రాజు, ఓవెన్లో పనికిరాదు. అది అంతా రసం, తీపి. వేడి తగలగానే ముక్క కరిగి గుజ్జయిపోతుంది, పైన చక్కెర పిండి కూడా పడేసరికి రెండో చెంచాకే మొహం మొత్తుతుంది. క్రంబుల్‌కు కావలసింది ఉడికినా ముక్క ముక్కలాగే నిలబడే పండు, పైపిండి తీపిని కోసేంత పులుపున్న పండు. యాపిల్‌లో కూడా పుల్లటివే దీనికి బాగుంటాయని అంటారు. మన దగ్గర ఆ రెండు గుణాలూ ఉన్నది బెంగళూరాలోనే. మీరు ఫ్యాక్టరీ సరుకు అని పక్కన పెట్టిన కాయే ఓవెన్‌కు సరైన కాయ అన్నా.

అందులోనూ దోరకాయ తీసుకో. కోస్తే టెంక చుట్టూ తెలుపు పోయి లేత పసుపు వచ్చి ఉండాలి, ముక్క కత్తికి గట్టిగా తగలాలి. మామిడి కాయగా ఉన్నప్పుడు పిండి పదార్థం నిల్వ చేసుకుంటుంది, మాగేకొద్దీ అది చక్కెర అవుతుంది. దోరలో ఇంకా కొంత పిండి, పెక్టిన్ (జామ్‌ను గట్టిపరిచే పండు జిగురు) మిగిలి ఉంటాయి. అందుకే దాని రసం ఉడికితే తనంతట తానే కొంత చిక్కబడుతుంది. నీ పాయసం భయానికి సగం మందు అక్కడే ఉంది. పూర్తిగా మాగినవి జ్యూసు చేసుకోండి. గంపలో దోరవి తక్కువ పడితే నాలుగో వంతు దాకా మాగినవి కలపొచ్చు, అంతకు మించి వద్దు.

బెల్లం మాట. బెల్లంలో ఉండేది కూడా చాలావరకు చక్కెరలో ఉండే సుక్రోజే. రంగు, రుచి వేరు తప్ప షుగర్ ఉన్నవాళ్ళకు అది మందు కాదు. ఈ మాట మా ఇంట్లోనే ఎంత చెప్పినా ఎక్కదు. పైగా బెల్లంలో తేమ ఎక్కువ, పైపిండిలో వేస్తే ముద్ద కడుతుంది, కరకర రాదు. మనం చేయగలిగింది మొత్తం తీపి తగ్గించడం. ఎంత తినాలో టీచరమ్మకు, ఆమె డాక్టరుకు తెలుసు.

నీ ఓటీజీకి సరిపడా కొలత ఇస్తాను. తొక్క తీసిన మామిడి ముక్కలు 600 గ్రాములు. కిలో కాయలు కోస్తే దగ్గర దగ్గర అన్ని వస్తాయి. ముక్క బొటనవేలి కణుపంత ఉండాలి, మరీ చిన్నగా తరగొద్దు. ముక్కల్లోకి నాలుగు టీస్పూన్ల చక్కెర, రెండు టీస్పూన్ల కార్న్‌ఫ్లోర్, చిటికెడు ఉప్పు, పావు టీస్పూన్ సొంటి పొడి. ఏలకులు వద్దు, ఏలకులు వేస్తే ప్రతిదీ కేసరిబాత్ వాసన వస్తుంది. ముక్కలు కలిపి పక్కన పెట్టేసి పైపిండి పని చూసుకోకు, చక్కెర తగిలిన ముక్క వెంటనే నీరు వదలడం మొదలుపెడుతుంది. పైపిండి తయారయ్యాకే ముక్కలు కలుపు.

పైపిండికి గోధుమపిండి 70 గ్రాములు, రాగిపిండి 30 గ్రాములు, చక్కెర 40, ఉప్పు లేని వెన్న 60. వేయించి పొట్టు తీసిన శెనక్కాయ విత్తనాలు 30 గ్రాములు పొడి కొట్టి వెయ్యి. బాదం పప్పు, ఓట్స్ అని వీడియోల్లో చెప్తారు, మన జిల్లాలో శెనక్కాయ, రాగి పెట్టుకుని వాటి కోసం తిరగడం దేనికి? రాగిలో గ్లూటెన్ ఉండదు కాబట్టి పిండి సాగదు, కాలాక ఇసుక రవ్వలా విడివిడిగా వస్తుంది. పళ్ళ సెట్టు అన్నావు గనక శెనక్కాయలు పలుకులుగా వదలొద్దు, సెట్టు కింద ఇరుక్కుంటాయి. మిక్సీని ఆపి ఆపి తిప్పు, ఒకే ఊపున తిప్పితే నూనె ఊరి ముద్దవుతుంది.

వెన్న మాత్రం ఫ్రిజ్‌లోంచి గట్టిగా తీసి చిన్న ముక్కలు చేసి, వేలి కొసలతో పిండిలో నలపాలి. అరచేయి తగలనివ్వకు. ఈ ఎండల్లో రెండు నిమిషాలకే కరగడం మొదలవుతుంది, కరిగితే పిండి పొడిగా ఉండదు, చపాతీ ముద్ద అవుతుంది. అట్లా అనిపిస్తే గిన్నెతో సహా పది నిమిషాలు ఫ్రీజర్‌లో పెట్టి మళ్ళీ నలుపు. వెన్న లేకపోతే పేరిన నెయ్యి 50 గ్రాములు చాలు. వెన్నలో ఆరో వంతు దాకా నీరే ఉంటుంది, నెయ్యిలో అది ఉండదు.

గిన్నె అల్యూమినియంది వద్దు. పులుపుకు అది తగిలి ముక్కలకు లోహపు రుచి వస్తుంది, రంగు కూడా మారుతుంది. ఓవెన్‌కు పనికొచ్చే గాజు గిన్నె గానీ స్టీలు గిన్నె గానీ చూసుకో. పది నిమిషాలు 180 డిగ్రీల దగ్గర ఓటీజీని ముందే వేడి చేసి, పై కడ్డీ, కింద కడ్డీ రెండూ వెలిగించి, మధ్య అరలో 35 నుంచి 40 నిమిషాలు. చిన్న ఓటీజీల్లో పై కడ్డీ దగ్గరగా ఉంటుంది, పైన మాడుతున్నట్టు వాసన వస్తే ఫాయిల్ వదులుగా కప్పు, కడ్డీకి తగలకుండా.

రాగిపిండి ముందే గోధుమ రంగులో ఉంటుంది కాబట్టి రంగు చూసి అయిందో లేదో చెప్పలేవు. చూడాల్సింది రసాన్ని. గిన్నె అంచుల్లోనే కాదు, నడుమ కూడా రసం పైకి బుడగలు కక్కాలి, బుడగలు చిక్కగా, నిదానంగా పగలాలి. కార్న్‌ఫ్లోర్ చిక్కబడాలంటే రసం దాదాపు మరిగే వేడికి రావాలి. అంచులు ఉడికి నడుమ ఉడక్కుండా బయటికి తీస్తేనే కింద నీళ్ళు మిగిలేది. తీశాక కనీసం ఇరవై నిమిషాలు ముట్టుకోవద్దు, చల్లారేకొద్దీ ఇంకా బిగుసుకుంటుంది.

బంగారుపాళ్యం తోట:

నాకు ఓవెన్ సంగతి తెలీదు. కాయ సంగతి చెప్తాను.

గాలివానకు భయపడి కోసిన కాయలంటున్నావు గదా నాయనా, అందులో లేతవి కూడా ఉంటాయి. తొడిమ దగ్గర భుజాలు నిండుగా లేచి, తొడిమ కొంచెం గుంటలో కూర్చున్నట్టు కనిపిస్తే అది పక్వానికి వచ్చిన కాయ, ఇంట్లో పెడితే మాగుతుంది. భుజాలు జారిపోయి ఉంటే లేత. దాన్ని ఎన్ని దినాలు పెట్టినా ముడతలు పడి వాడిపోతుందే గానీ మాగదు. అట్లాటివి ఏరి పప్పులోకి, పులిహోరలోకి వాడేయండి.

పక్వం వచ్చినవాటిని గంపలో వరిగడ్డి పరిచి, తొడిమ కిందికి ఉండేట్టు పేర్చి, పైన గోనెసంచి కప్పండి. తొందరగా కావాలంటే నడుమ మాగిన అరటిపండు ఒకటి పెట్టండి, దాని నుంచి వచ్చే వాయువుకే కాయ తిరుగుతుంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నొక్కి చూసుకుంటూ దోరకు రాగానే తీసేయొచ్చు. కార్బైడ్ పొట్లాలు పెట్టమని ఎవరైనా సలహా ఇస్తే వినొద్దు, అది మన దేశంలో నిషేధం.

తొడిమ తుంచినప్పుడు కారే సొన చర్మానికి తగిలితే కొందరికి కాలినట్టు పుండ్లు పడతాయి. తుంచిన వెంటనే కాయను తలకిందులుగా పెట్టి సొన కారనిచ్చి, నీళ్ళలో కడిగి తుడవండి. బెంగళూరా తొక్క మందం, ఉడికినా మెత్తబడదు. పెద్దామెకు పెట్టేది కాబట్టి తొక్క పూర్తిగా తీసేయండి.

ఇంక బెంగళూరా ఎవరికి కావాలి అని రాసినావు చూడు, అది చదివి కొంచెం కష్టమనిపించింది. మేము పెట్టిన చెట్లలో ఎక్కువ అదే. 2025లో ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇచ్చేట్టు, దానికి ప్రభుత్వం 4 రూపాయలు కలిపేట్టు పెట్టినారు. ఆ 8 కోసం కూడా ట్రాక్టర్లు ఫ్యాక్టరీ గేట్ల ముందు వరసకట్టి నిలబడ్డాయి, ఎండకు కాయ లోడుల్లోనే మెత్తబడింది. ఇళ్ళల్లో వాడే దారులు నాలుగు దొరికితే మాకూ మంచిదే. మీరు చేసి చూసి ఎట్లా వచ్చిందో రాయండి.

కట్టమంచి కోడలు:

సరే ఓవెనక్కా, బెల్లం మాట వెనక్కి తీసుకోను గానీ రాగిపిండి మాటకు మార్కులు వేస్తున్నా. రాగి ముద్దకు తప్ప దేనికీ పనికిరాదని మా అత్త అనుకుంటుంది, ఆమెకు చదివి వినిపించాను. ఒక మాట, ఇది తినేటప్పుడు పైన పాలు పోసుకుంటారని ఎక్కడో చూశాను, మామిడి పులుపుకు పాలు విరగవా?

ఎం.ఆర్.పల్లి ఓవెన్:

వేడి మీద పోస్తే విరుగుతాయి. పూర్తిగా చల్లారాక, ఫ్రిజ్‌లో పెట్టిన గట్టి మీగడ ఒక చెంచా పక్కన పెట్టుకుని తినొచ్చు. కస్టర్డ్ చేయాలనిపిస్తే విడిగా చేసి చల్లార్చి, తినే ముందు పైన వేసుకోండి.

కాకినాడ టు తిరుపతి:

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. మేం యూనివర్సిటీ దగ్గర రూమ్ తీసుకుని నలుగురం ఉంటున్నాం. మా వైపు ఈ కాయను కలెక్టర్ కాయ అంటారు. ఓనరాంటీ చెట్టుకు దండిగా కాశాయి, మమ్మల్నీ కోసుకోమంది. ఓవెన్ లేదు, గ్యాస్ పొయ్యి, ఒక కుక్కర్, ఒక మందపాటి కడాయి ఉన్నాయి. కుక్కర్లో ఉప్పు పోసి కేకు చేసినట్టు దీన్ని కూడా చేయొచ్చా? రాగిపిండి, శెనక్కాయలు ఉన్నాయి. వెన్న లేదు, ఇంటి నుంచి పంపిన నెయ్యి ఉంది.

ఎం.ఆర్.పల్లి ఓవెన్:

తమ్ముడూ, కుక్కర్లో చేయొచ్చు గానీ నీకు నచ్చదు. కుక్కర్లో వేడి కింది నుంచీ పక్కల నుంచీ వస్తుంది, పైన కాల్చే కడ్డీ లేదు. దానికి తోడు పండు నుంచి లేచే ఆవిరి మూతకు తగిలి మళ్ళీ పైపిండి మీదే పడుతుంది. కేకుకు అది పరవాలేదు, క్రంబుల్‌కు పైపొర కరకరలాడకపోతే ఇంకేముంది? ఖాళీ కుక్కర్‌ను చాలాసేపు పొయ్యి మీద ఎండబెట్టి వాడటం కుక్కర్‌కూ మంచిది కాదు.

నీ కడాయి చాలు. రెండూ విడివిడిగా చెయ్యి. ముందు పైపిండి. నెయ్యి పేరుకుని ఉండాలి, పల్చగా ఉంటే గిన్నెను చల్లనీళ్ళలో పెట్టి గట్టిపడనివ్వు. నేను పైన చెప్పిన కొలతలోనే 50 గ్రాముల నెయ్యి వేసి నలిపి, కడాయిలో సన్నమంట మీద వేయించు. గరిటెతో గట్టిగా కలిపితే పొడి పొడి అయిపోతుంది, కింది నుంచి పైకి తిరగేస్తూ ఉండు. రంగు తెలీదు కాబట్టి వాసన మీద పో. పచ్చిపిండి వాసన పోయి, సున్నుండలకు వేయించే పిండి వాసన వచ్చాక ఇంకో రెండు నిమిషాలు ఉంచి పళ్ళెంలోకి వంచి ఆరబెట్టు. కడాయిలోనే వదిలేస్తే ఆ వేడికే మాడుతుంది. వేడిగా ఉన్నప్పుడు మెత్తగానే ఉంటుంది, ఆరాకే కరకర వస్తుంది.

తర్వాత అదే కడాయి కడిగి మామిడి ముక్కలు, చక్కెర, ఉప్పు వేసి మూతపెట్టి మగ్గనివ్వు. ముక్క మెత్తబడ్డాక కార్న్‌ఫ్లోర్ రెండు చెంచాల చల్లనీళ్ళలో కలిపి పోసి, రసం చిక్కబడి మెరుపు వచ్చేదాకా కలుపు. కడాయి ఇనుముదైతే మామిడి మాత్రం అందులో ఉడికించకు, పులుపుకు నల్లబడుతుంది. స్టీలు గిన్నె వాడు. గ్లాసుల్లో కింద మామిడి, పైన పిండి వేసుకుని వెంటనే తినేయండి, నలుగురు కాబట్టి మిగలదులే.

మిట్టూరు జిరాక్స్:

ఓవెనక్కకు, బంగారుపాళ్యం పెద్దాయనకు దండాలు. పెద్దాయనా, కష్టం అనిపించినందుకు ఏమనుకోవద్దు. మా మామగారిదీ పెనుమూరు దగ్గర బెంగళూరా తోటే, ఇంట్లో ఆయన ముందు కూడా మేం ఇట్లాగే మాట్లాడి తిట్లు తింటుంటాం.

ఆదివారం చేశాం. నేను, పాప. మా ఆవిడ వంటింట్లోంచి కుర్చీ తెచ్చుకుని హాల్లో కూర్చుంది, చూస్తానే ఉంటా గానీ చెయ్యి పెట్టను అని. గ్రాములు తూచడానికి షాపులో కొరియర్ పార్సిళ్ళు తూచే కాటా తెచ్చాను. ఓటీజీ వెనక స్టిక్కర్ మీద 1400 వాట్స్ అని ఉంది. మామూలు 6 యాంపియర్ల ప్లగ్గులో పెట్టకుండా గీజర్ ప్లగ్గుకు పెట్టాను. ఇది ఇక్కడ ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను, జిరాక్సు మిషన్లతో రోజూ ఉండేవాణ్ణి, వేడెక్కిన ప్లగ్గులు చూసి చూసి నాకు ఆ భయం ఉంది. ఇన్వర్టర్ మీద మాత్రం నడపకండి.

కాయలు భుజాలు చూసి ఏరాం. గంపలో మూడో వంతు లేతవే. అవి వంకాయ కూరలోకి, పప్పులోకి పోయాయి. దోరవి గడ్డిలోంచి తీసి తొక్క తీస్తుంటే పాపకు ఒక విషయం దొరికింది. మూతి దగ్గర ముక్క టెంక దగ్గరి ముక్క కంటే గట్టిగా, పుల్లగా ఉంది. ఆ ముక్కలు కొంచెం చిన్నగా తరిగాం. ఓవెనక్క చెప్పినట్టు వెన్న నలిపేటప్పుడే ఫ్యాన్ కింద కూడా కరగడం మొదలెట్టింది, ఫ్రీజర్‌కు పోయి వచ్చాక దారికొచ్చింది.

ఇరవై నిమిషాల దగ్గర కరెంటు పోయింది. చిత్తూరులో ఆదివారం మధ్యాహ్నం ఇంకేం జరుగుతుంది! మా ఆవిడ తలుపు తీసి చూడమంది, నేను తీయనివ్వలేదు. లోపలి వేడి లోపలే ఉండనీ అని. కరెంటు వచ్చాక మళ్ళీ 180 మీద పెట్టి, గడియారం చూడకుండా బుడగల కోసం అద్దంలోంచి చూస్తూ కూర్చున్నాం. అంచుల్లో ముందుగా వచ్చాయి, నడుమ రావడానికి చాలా సేపు పట్టింది. వచ్చిన వాసన మాత్రం ఏం చెప్పాలి, శెనక్కాయలు వేయించిన వాసన, దాని కింద మామిడి. మిద్దె మీద బట్టలు ఆరేస్తున్న వాళ్ళు ఏం చేస్తున్నారని అడిగారు.

రుచి గురించి. ముక్కలు నిలబడ్డాయి. చెంచాతో నొక్కితే నలుగుతున్నాయి, పళ్ళతో పని లేదు. రసం జామ్ కంటే పల్చగా, పులుసు కంటే చిక్కగా వచ్చింది. తీపి తక్కువ అని పాప అంది, నాకు సరిగ్గా ఉంది. రాగి పైపొర ఇంత బాగుంటుందని నేను అనుకోలేదు, ఉత్తదే గిన్నెలో వేసుకుని తినేయొచ్చు. బేనీషాతో చేసి ఉంటే మొత్తం తీపి అయి ఉండేదని ఇప్పుడు అర్థమైంది.

టీచరమ్మకు పెద్ద గిన్నెలో సగం, గంపలో పెట్టి పాప ఇచ్చి వచ్చింది. తయారీ విధానం కూడా షాపులో టైపు చేసి ప్రింటు తీసి గిన్నె కింద పెట్టాను, ఏం వేశామో ఆమెకు తెలియాలి గదా అని. సాయంత్రానికి ఆ కాగితం తిరిగి వచ్చింది. ఎర్ర పెన్నుతో రెండు చోట్ల ఒత్తులు దిద్ది, ‘సొంటి పావు చెంచా ఎక్కువ, చిటికెడు చాలు. పైపిండి బాగుంది. రోజూ పనికిరాదు, పండగకు పనికొస్తుంది’ అని రాసి సంతకం పెట్టింది. గిన్నెలో మాత్రం నిమ్మకాయలు పెట్టి పంపింది. కాబట్టి ఇప్పుడు ఆ గిన్నెతో ఏం చేయాలో మళ్ళీ ఆలోచించాలి.

అసలు ప్రశ్న ఇప్పుడు. ఇంట్లో ఇంకా కిలోన్నర దాకా దోరవి ఉన్నాయి. రోజూ ఇదే చేయలేం. దీన్ని చేసి ఫ్రిజ్‌లో పెట్టొచ్చా, లేక కాయలనే దాచి పెట్టొచ్చా? మా చెల్లెలు దసరాకు వస్తుంది, అప్పుడు చేసి పెట్టాలని పాప కోరిక.

కాకినాడ టు తిరుపతి:

కడాయి పద్ధతి చేశాం అక్కా. పైపిండి మామిడి దాకా రాలేదు, ఆరబెట్టిన పళ్ళెం దగ్గరే అయిపోయింది. మామిడి ఉడికించింది మటుకు బ్రెడ్ మీద రాసుకుని తిన్నాం. మళ్ళీ చేస్తాం, ఈసారి పైపిండి రెండింతలు. ఓనరాంటీకి కూడా ఇవ్వాలి, కాయలు ఆవిడవే కదా.

బంగారుపాళ్యం తోట:

సంతోషం నాయనా. పెనుమూరు మామగారికి నా తరఫున చెప్పు. దసరాకు చెట్టు మీద ఏమీ ఉండదు, దాచుకోవాల్సిందే. మాగినవి ఏవైనా మిగిలితే రసం తీసి తాటి చాప మీద పొరలు పొరలుగా ఎండబెట్టి తాండ్ర వేసుకోండి, బెంగళూరాకు పులుపు ఉంటుంది గనక తాండ్ర మరీ తీపి రాదు. ఎండ ఉన్నప్పుడే చేయాలి, మబ్బు పడితే బూజు పడుతుంది.

ఎం.ఆర్.పల్లి ఓవెన్:

సొంటి విషయంలో టీచరమ్మ మాటే నిలుస్తుంది, నా కొలత దిద్దుకున్నాను అనుకోండి.

చేసింది ఫ్రిజ్‌లో పెట్టొచ్చు, రెండు మూడు రోజులు ఉంటుంది గానీ పైపొర తేమ లాగి మెత్తబడుతుంది. తినే ముందు మళ్ళీ ఓటీజీలో 160 దగ్గర పది నిమిషాలు పెడితే కొంత కరకర తిరిగొస్తుంది. గాజు గిన్నెను ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా వేడి ఓవెన్లో పెట్టొద్దు, పగులుతుంది. అరగంట బయట ఉంచాకే పెట్టాలి.

దసరాకు అయితే కాయలనే ఫ్రీజ్ చెయ్యి. తొక్క తీసి అదే సైజు ముక్కలు కోసి, తడి లేకుండా తుడిచి, పళ్ళెంలో ఒకదానికొకటి తగలకుండా పరిచి ఫ్రీజర్‌లో పెట్టు. రాయిలా గట్టిపడ్డాక 600 గ్రాముల చొప్పున జిప్ కవర్లలో గాలి నొక్కేసి కట్టు. పరచకుండా ఒకేసారి కవర్లో పోస్తే అంతా ఒకే గడ్డ అవుతుంది, తర్వాత సుత్తి పెట్టి కొట్టాలి. పైపిండి కూడా నలిపి, కాల్చకుండా విడిగా కవర్లో కట్టి ఫ్రీజర్‌లో పెట్టొచ్చు. శెనక్కాయ పొడి మాత్రం అప్పుడు కలపకు, వాసన మారుతుంది, చేసే రోజు కలుపు.

చేసే రోజు ముక్కలను కరగనివ్వకుండా గడ్డలుగానే గిన్నెలో వేసి, కార్న్‌ఫ్లోర్ రెండు టీస్పూన్లకు బదులు మూడు వెయ్యి. ఫ్రీజ్ అయిన ముక్క నీరు ఎక్కువ వదులుతుంది. ఓవెన్లో ఇంకో పది, పదిహేను నిమిషాలు ఎక్కువ పడుతుంది, నడుమ బుడగలు వచ్చేదాకా తీయొద్దు. గడ్డకట్టిన ముక్కలకు గాజు గిన్నె వద్దు, స్టీలు గిన్నె వాడు. కవర్ మీద తేదీ, బరువు మార్కర్‌తో రాసి పెట్టు, లేకపోతే మా ఇంట్లోలాగా మామిడి ముక్కలనుకుని గుమ్మడికాయ ముక్కలు తీస్తారు.